పెరట్లో మందు కొట్టని ఏడాది

మా ఇంటికి మూడు పక్కలా మిరప చేలు. నాలుగో పక్క రోడ్డు, రోడ్డుకవతల పత్తి. పెళ్ళయి పర్చూరు దాటి ఈ నల్లరేగడి నేలలోకి వచ్చిన కొత్తలో, పొద్దున్నే తలుపు తీస్తే కళ్ళ ముందంతా పచ్చగా ఉందని మురిసిపోయాను. ఆ మురిపెం ఆ ఏడు దసరా దాకా నిలిచింది. ఆ తరవాత చేలకి మందు కొట్టడం మొదలైంది. మందు కొట్టేది మా ఆయన, కొట్టించుకునేది చేను, వాసన పీల్చేది నేను. అప్పట్నుంచీ మా మధ్య పని ఇలాగే పంచబడి ఉంది.

దసరా నుంచి శివరాత్రి దాటేదాకా మా వంటింటి కిటికీ మూసే ఉంటుంది. ఉక్కపోసినా, పోపు ఘాటుకి కళ్ళు మండినా తెరవను. తెరిస్తే మందు వాసన అన్నంలోకి వచ్చి కూర్చుంటుంది. ఇవాళ మా చేలో కొడతారు, రేపు కుడిపక్క బావగారి చేలో, ఎల్లుండి వెనకవాళ్ళది. వరసైపోయిందనుకునేసరికి మళ్ళీ మాదే. మా పుట్టింటివాళ్ళు సింగరాయకొండ దగ్గర పొగాకు వేస్తారు. మందులంటే ఎరగని ఇంటినుంచి వచ్చానని చెప్పను. కానీ అక్కడ పొలం వేరు, ఇల్లు వేరు. ఇక్కడ పొలంలోనే ఇల్లు. పారిపోదామన్నా గట్టు మీద నుంచే పారిపోవాలి.

మా వైపు రైతులకి ఒక అలవాటుంది. డ్రమ్ములో కలిపిన మందు చేనంతా కొట్టాక ఎంతో కొంత అడుగున మిగులుతుంది. మర్నాటికి అది పనికిరాదు. పారబోయడానికేమో ఎవరికీ చేతులు రావు. అందుకని ఇంటికి తెచ్చి పెరట్లో కొట్టేస్తారు. మందారానికింత, నిమ్మచెట్టుకింత, దొండపాదుకింత, పెళ్ళింట్లో మిగిలిన పులిహోర ఇరుగూపొరుగుకి పంచినట్టు. అడిగితే, చెట్టుకి మంచిదేగా అంటారు. ఇదే మనుషులు తమ తిండికని చేలో ఒక పక్కన కొన్ని సాళ్ళు విడిగా అట్టేపెట్టుకుని, వాటికి మందు కొట్టరు. వాటిని ఇంటి సాళ్ళంటారు. ఏడాదికి పెట్టే కారం, పండుమిరప పచ్చడి ఆ కాయలతోనే. అంతా తెలిసే ఉంటుంది. తెలిసీ సాయంత్రం ఇంటికొచ్చి దొండపాదు మీద మిగిలిన మందు కొడతారు. ఈ తిరకాసు గురించి నేను మా ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నవ్వే మనిషితో పోట్లాడటమంత అలుపు మరొకటి లేదు.

పోయిన మాఘమాసంలో వంటింటి కిటికీ పక్కనున్న ముద్దమందారంలో పిగిలిపిట్ట గూడు కట్టింది. నల్లటి తల, దాని మీద చిన్న జుట్టు, తోక కింద బొట్టు పెట్టినట్టు ఎర్రటి మచ్చ. మగదీ ఆడదీ నా కళ్ళకి ఒకేలా ఉండేవి. మా అత్తగారి కొబ్బరి చీపురు నుంచి పీచు, నేను దులిపి పారేసిన తల వెంట్రుకలు, ఎండుగడ్డి, ఏది దొరికితే అది తెచ్చుకుని దోసిలంత గూడు అల్లుకున్నాయి. నేను గిన్నెలు తోముతూ కిటికీ అద్దంలోంచి చూసేదాన్ని. గూటికీ నాకూ మధ్య ఆ అద్దమే అడ్డం. గులాబీ రంగు మీద ఎర్ర చుక్కలున్న గుడ్లు మూడు పెట్టింది. ఆడదే అయుంటుంది, పొద్దస్తమానం వాటి మీద కూర్చుని అద్దంలోంచి నన్ను చూసేది. మూసిన కిటికీ వెనక నేను, కదలకూడని గూట్లో అది. మాటామంతీ లేకపోయినా ఆ ఇంట్లో నాకు తోడు దొరికినట్టనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మా అత్తగారి పువ్వుల వల్ల వచ్చింది. మందారానికి పిండినల్లి పట్టి మొగ్గలు రాలిపోతున్నాయి. ఆవిడకి పొద్దున్నే దేవుడికి పువ్వు లేకపోతే కాఫీ కూడా రుచించదు. ఆ రోజు మా ఆయన చేలోంచి పంపు వీపున తగిలించుకుని రాగానే ఆవిడ అరుగు మీంచే కేకేసింది.

"ఒరేయ్, డబ్బాలో మిగిలిందేమన్నా ఉంటే మందారానికి గట్టిగా కొట్టరా. తెల్లగా పిండి పట్టిపోయింది."

నేను వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చి చెట్టుకి అడ్డం నిలబడ్డాను.

"కొట్టటానికి వీల్లేదండీ. పిట్ట గుడ్లు పెట్టింది."

"పిట్టకి కొట్టన్లే, చెట్టుకి కొడతాను," అన్నాడు మా ఆయన నవ్వుతూ.

"చెట్టు మీదేగా అది కూర్చునేది."

"ఏమే, చుట్టూ ఇంత చేను కొడుతుంటే చావని పిట్ట, పెరట్లో ఒక్క చుక్కకి చస్తదా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. ఆ సాయంత్రం నా గొంతు రోడ్డు మీదికి కూడా వినపడే ఉంటుంది. ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదన్నాను, కిటికీ మూసుకుని బతుకుతున్నానన్నాను, ఎప్పుడో జరిగిన వాటిని కూడా తవ్వి పోశాను. చివరికి నెగ్గించింది నా గొంతు కాదు. మా అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, కొమ్మ కొంచెం వంచి గూట్లోకి చూసింది. చూసి మెత్తబడింది.

"వద్దులేరా. గుడ్ల మీదున్న దాన్ని కదిలిస్తే ఉసురు తగులుద్ది. పువ్వులదేముంది, మీ అన్నోళ్ళింటి నుంచి తెచ్చుకుందాం."

మా ఆయన పంపు వీపు మీంచి దించేశాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా పెరట్లో మందు కొట్టనన్నాడు. పంపు కడిగిన నీళ్ళు కూడా రోడ్డవతల పోసి వచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో నేను పట్టుబట్టి సాధించుకున్నది అదొక్కటే. అందుకే ఆ గూడు నాకు గూడుగా మిగల్లేదు. ఆ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరితే చాలు, నా మాట ఒక్కటైనా ఈ నేల మీద పనికొచ్చిందని నమ్ముకుందామనుకున్నాను.

పిండినల్లిని సబ్బునీళ్ళలో ముంచిన పాతగుడ్డతో కొమ్మ కొమ్మా తుడిచాను. గూడున్న కొమ్మ జోలికి పోలేదు. మా తోడికోడలు, అంటే పక్క చేను బావగారి భార్య, వాళ్ళ చేలోంచే గోడ మీంచి చూసి, "ఏంటి చెల్లీ, మందారానికి తలంటు పోస్తన్నావా?" అంది. పోస్తున్నానక్కా, పురుడొచ్చిన చెట్టు కదా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

గుడ్లు పగిలాయి. పిల్లలు చూడ్డానికేమీ బాగుండవు. ఒంటి మీద ఈక లేదు, కళ్ళు తెరవలేదు, ఒళ్ళంతా నోరే. కొమ్మ కదిలితే చాలు, మూడు నోళ్ళూ పైకి లేచేవి. ఆ కూతలు వినాలని దసరా తరవాత మొదటిసారి కిటికీ రెక్క తీశాను. మందు వాసన వస్తే రానీ అనుకున్నాను. తల్లీ తండ్రీ వంతులేసుకుని తిండి తెచ్చేవి. తెచ్చేందుకు మొదట్లో చాలా అవస్థపడ్డాయి. ఒక చిన్న పురుగు కోసం ఎంతోసేపు వెళ్ళి, ఒక్కోసారి ఉత్త నోటితో వచ్చేవి. ఈ నేల మీద పురుగన్నది బతికితేగా. వాటి తిప్పలు చూసి నాకు జాలేసేది.

అప్పుడు మా చేనుకి లద్దె పురుగు తగిలింది. మొదటి కోత అయిపోయి రెండో కాపు మీద ఉంది. అంతకుముందు సంవత్సరాల్లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా మాడ్చి పోయింది. ఈసారైనా చెట్టు నిండా కాయ నిలిచిందని అందరం కళ్ళలో పెట్టుకుని చూసుకుంటుంటే, ఇది రాత్రికి రాత్రి ఆకు జల్లెడ చేసి కాయల్లోకి దిగింది. మా ఆయనకి నవ్వు పోయింది. అన్నం ముందు కూర్చుని ఫోనులో ఆకుల ఫోటోలు చూసుకునేవాడు. మందుల కొట్టు అతను రెండు రకాలు కలిపి కొట్టమన్నాడట. ఆ మాట విని నేనేమన్నా గొడవపడ్డానా? పడలేదు. త్వరగా కొట్టండి, కాయంతా పోతుంది అన్నాను. ఆ చేను మీద ఆయనకెంత బెంగో నాకూ అంతే. ఇది చెప్పకపోతే మిగతాది చెప్పడానికి నాకు హక్కు లేదు.

తెల్లారుతూనే కొట్టడం మొదలుపెట్టాడు. నేను కిటికీ మూశాను. గాలి మా ఇంటి వైపు లేదు, అవతలికి ఉంది. దేవుడు కూడా మన పక్షానే ఉన్నాడనుకున్నాను. అద్దంలోంచి చూస్తే ఆ పొద్దు పిట్టలకి పండగలా ఉంది. ఇలా వెళ్ళి అలా వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ నోట్లో బలిసిన పురుగు. పిల్లల నోళ్ళలో పెట్టడం, మళ్ళీ పోవడం. గోడ దాటి పోయాయనుకునేంతలో తిరిగొస్తున్నాయి. ఇన్నాళ్ళకి వీటి కష్టం తీరిందని నాకు ఎంత సంతోషమేసిందంటే, మా అత్తగారిని పిలిచి మరీ చూపించాను. ఆవిడా, "తిండి పుష్కలంగా దొరికిందమ్మా, పిల్లలు రేపో మాపో బలుస్తయ్యి," అంది.

పొద్దెక్కాక మా ఆయనకి మజ్జిగ పట్టుకుని గట్టు దాకా వెళ్ళాను. ఆయన ముఖానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి, చేతులు కడుక్కుని గ్లాసు అందుకున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా ముఖం వెలిగిపోతోంది.

"చూడవే, ఎట్టా రాలినయ్యో."

వంగి చూశాను. మిరప మొదళ్ళలో నేలంతా లద్దె పురుగులే. ఒంకర్లు తిరుగుతున్నవి, సగం చచ్చి మెల్లగా కొట్టుకుంటున్నవి. నాకూ గుండె తేలికపడింది. హమ్మయ్య, కాయ నిలబడింది అని పైకే అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే, సాళ్ళ మధ్య ఏదో గెంతింది. గోరింకలు వాలి ఏరుకు తింటున్నాయి. వాటి పక్కన నల్లటి తల, చిన్న జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ. కొట్టుకుంటున్న పురుగుని ఒకదాన్ని వెతికే పని లేకుండా నోట కరుచుకుంది. పైకి లేచి, సూటిగా మా ఇంటి గోడ మీదుగా మందారం వైపు పోయింది.

గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఏం చేద్దామని పరిగెత్తానో నాకే తెలియదు. చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి అది తినిపించేసి మళ్ళీ ఎగిరిపోతోంది. హుష్ హుష్ అని చేతులూపాను. అంతలోనే తిరిగొచ్చి గోడ మీద వాలి, నోట్లో ఇంకో పురుగుతో నా వంక చూస్తూ కూర్చుంది. నేను పక్కకి జరిగితే లోపలికి వెళ్తుంది. జరక్కపోతే పిల్లలకి తిండి ఉండదు. లోపల పిల్లలు ఆకలని నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నాయి. కాపలా కాస్తే ఆకలితో పోతాయి, కాయకపోతే తిండితో పోతాయి. ఆ ఎండలో, తల మీద కొంగు కూడా లేకుండా, ఎటూ కాలు కదపలేక నిలబడిపోయాను. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ నిలబడలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

తరవాత పిచ్చి పనులన్నీ చేశాను. గోడ మీద అన్నం మెతుకులు పెట్టాను, అరటిపండు ముక్కలు పెట్టాను. వాటికి కాకులొచ్చాయి. నిమ్మచెట్టు ఆకులు తిరగేసి పచ్చ పురుగుల కోసం వెతికాను. ఎప్పుడు కనపడినా గిచ్చి పారేసే పురుగులు ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి దొరికితే బాగుండునని దేవులాడాను. దొండపాదులో ఒకటి దొరికింది. పుల్లతో తీసి గూటి అంచున పెట్టాను. అది జారి కింద పడింది. మా అత్తగారు అరుగు మీంచి చూస్తూ, "ఏంటమ్మాయ్, పురుగుల్ని ఏరుకుంటన్నావు?" అంది. జరిగింది చెప్పాను. ఆవిడ, "తల్లికి తెలీదా, ఏది మంచిదో ఏది చెడ్డదో," అంది. ఎలా తెలుస్తుందత్తయ్యా అన్నాను.

సాయంత్రానికి పిల్లల మెడలు నిలవడం లేదు. నోళ్ళు తెరిచి ఉన్నాయి, కూత లేదు. ఒళ్ళు సన్నగా వణుకుతోంది, చలిజ్వరం వచ్చిన పసిబిడ్డలకి వణికినట్టు. మర్నాడు పొద్దున చూస్తే వణుకు కూడా లేదు. తల్లి మాత్రం తెస్తూనే ఉంది. తెచ్చిన పురుగుని ఒక్కో నోటి దగ్గరా పెట్టి చూసి, తీసుకోకపోతే తనే మింగి మళ్ళీ పోయేది. నేను గూటి మీద చెయ్యి వెయ్యడానికి మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది. అరిచేతిలో మూడింటికీ కలిపి బరువు లేదు. నిమ్మచెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చాను. తల్లి రెండు రోజులు తిరిగింది. తరవాత కనపడలేదు. తండ్రే అనుకుంటాను, ఒక్కడే కరెంటు తీగ మీద కూర్చుని కూసేవాడు. ఆ ఆడది ఏమైందో నాకు తెలియదు. తను మింగిన పురుగులు గుర్తొస్తే తెలుసుకోవాలనీ అనిపించదు.

పిల్లల సంగతి విని మా ఆయన మందారం దగ్గరికి వచ్చి ఖాళీ గూట్లోకి చూశాడు.

"నేను పెరట్లో కొట్టలేదే," అన్నాడు.

"కొట్టలేదు," అన్నాను.

"మన తప్పేం లేదమ్మాయ్," అంది మా అత్తగారు. "మనం మాట నిలబెట్టుకున్నాం. దాని ఉసురు మనకి తగలదు."

నిజమే. పోట్లాడటానికి కూడా నాకు మనిషి దొరకలేదు. మాట తప్పినవాడైతే నాలుగు రోజులు సాధించేదాన్ని. ఆయన మాట తప్పలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ, ఒక్కసారి కొట్టకపోతే ఏమవుతుందండీ అని అడిగాను. దెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"అన్నయ్య చేలో పురుగంతా మన మీద పడుద్ది."

"బావగారు కూడా మానేస్తే?"

"ఆయన పక్కోళ్ళు? వాళ్ళ పక్కోళ్ళు? ఒంగోలు దాకా అడుక్కుంటా పోతావా?"

ఆయన కసిరి అనలేదు. అలిసిపోయి అన్నాడు. అన్నం కలుపుకుంటున్న చేతి వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. మందు కొట్టిన రోజుల్లో ఆయన వేళ్ళు అలా వణకడం కొత్తేమీ కాదు. ఎండ దెబ్బ అంటాడు. నేనూ ఎండ దెబ్బే అనుకుంటూ వచ్చాను.

శివరాత్రి వెళ్ళాక మళ్ళీ పిగిలిపిట్టల జంట వచ్చింది. ఆ మగదే కొత్త తోడుతో వచ్చిందో, వేరే జంటో చెప్పలేను. అదే మందారం, ఇంకో కొమ్మ. పీచు తేవడం మొదలుపెట్టాయి. చేలో మూడో కాపుకి ఇంకా మందు పడుతూనే ఉంది. నేను చీపురు పుల్లతో ఆ అల్లిక లాగి పారేశాను. మర్నాడు మళ్ళీ అల్లాయి, మళ్ళీ లాగేశాను. పళ్ళు బిగబట్టి లాగేశాను. మా అత్తగారు చూసి, "కట్టుకునే గూడు పీకుతావటే, పాపిష్టిదానా," అని తిట్టింది. ఆవిడ నన్ను ఆ మాట అనడం అదే మొదలు. పడ్డాను.

మూడో రోజు సాయంత్రం మా ఆయన చేలోంచి వచ్చేసరికి నేను పెరట్లో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. పిట్ట గోడ మీద ఉంది. ఏంటే ఈ కాపలా అన్నాడు. గూడు కట్టనివ్వకుండా తరుముతున్నానన్నాను. ఇక్కడ కాకపోతే ఎక్కడైనా పెట్టుకుంటుంది, ఇక్కడ మాత్రం వద్దన్నాను. ఆయన పంపు దించి అరుగు మీద పెట్టాడు. నన్ను చూశాడు, పిట్టని చూశాడు. ఈసారి నవ్వలేదు.

"ఎక్కడికి పొమ్మంటావే దాన్ని?"

చెబుదామని చెయ్యెత్తాను. ఇటు మా చేను. అటు బావగారి చేను. వెనక వెనకవాళ్ళది. రోడ్డవతల పత్తి. ఎత్తిన చెయ్యి ఏ వైపు చూపించాలో తెలియక అలాగే ఉండిపోయింది. మేమిద్దరం అలా నిలబడి ఉండగానే, పిట్ట నోట్లో పీచుపోగుతో గోడ మీంచి దిగి మందారంలోకి దూరింది.